భావనపాడు తాడు, రైల్వే నట్లు

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను కలిస్తే ముందు ధైర్యం గురించి అడుగుతారు. నేను తాడు గురించి చెప్పడం మొదలుపెడతాను. వాళ్ల ముఖాలు కొంచెం వాడిపోతాయి. అయినా సరే, తాడు గురించే చెబుతాను.

నేను పని మొదలుపెట్టింది పంతొమ్మిది వందల అరవైల చివర్లో. రాళ్లెక్కడం ఒక విద్య అనీ, దాన్ని నేర్పి బతకవచ్చనీ మా వైపు అప్పట్లో ఎవరికీ తెలియదు. గరివిడి దగ్గర ఒక ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేరాను. అప్పటికింకా విజయనగరం జిల్లా లేదు, మాది శ్రీకాకుళం జిల్లా. ఉద్యోగం మానే నాటికి నా పని వేరు. కుర్రాళ్లకు కొండలెక్కడం, క్వారీ పనివాళ్లకు, ఫైర్ సర్వీసు వాళ్లకు ఎత్తున చిక్కుకున్న మనుషుల్ని తాళ్లతో దించడం నేర్పేదాన్ని. ఈ రెంటికీ మధ్య వచ్చిన ఆర్డర్లూ, బదిలీలూ ఇక్కడ రాయను. అవి నాకే గుర్తులేవు.

నా గురించి ఇప్పుడు చాలా కథలున్నాయి. గెద్దరాయిని నేను తాడు లేకుండా ఎక్కేశానట. ఇద్దరు మగవాళ్లను చెరో భుజాన వేసుకుని దిగానట. నేనెవరో తెలియని ఒక యువ శిక్షకుడు ఈ కథ నాకే చెప్పి, చివర్లో, "ఆవిడ ఇప్పుడు లేరనుకుంటానండి" అన్నాడు. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ కథ నమ్మి ఎవరైనా తాడు లేకుండా ఎక్కితే ప్రాణం పోతుంది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

హవల్దారు మావ

నాకు మేనమామ వరసయ్యే దాలినాయుడు గారు పట్టాళంలో హవల్దారుగా చేసి ఊరొచ్చేశారు. ఉత్తరాన మంచుకొండల దగ్గర, సైనికులకు రాళ్లెక్కడం నేర్పే దళంలో కొన్నేళ్లు ఉన్నారు. ఊళ్లో ఆయనకు గెద్దరాయి పక్కనే చోడిచేను, అంటే రాగిచేను, ఉంది. గెద్దరాయి అంటే ఊరి బయట ఒంటరిగా నిలబడ్డ పెద్ద నల్లరాతి కొండ. పడమటి వైపు గోడలా నిటారుగా ఉంటుంది. దాని నెత్తిన గద్దలు గూళ్లు పెట్టేవి.

ఒక సాయంత్రం పిల్లల్ని పరుగు పందేనికి తయారుచేస్తూ అటు వెళితే, ఆ గోడ అడుగున ఉన్న ఒక గుండురాయి మీద మావ బల్లిలా అతుక్కుని కనిపించాడు. మీసం నెరిసిన మనిషి.

"అదేటి మావా, ఈ వయసులో?" అన్నాను.

"ఈ వయసులోనే గదమ్మా తీరిక దొరికింది. పట్టాళంలో ఎక్కమంటే ఎక్కినాను. ఇప్పుడు నాకోసం ఎక్కతన్నాను."

"నాకూ నేర్పుతావేటి?"

ఆయన కిందకు దిగి, చేతులు దులుపుకుని, నా చీర వంక చూశాడు. "ఇలగైతే ఎలగెక్కుతావు?"

మర్నాడు మా వైపు ఆడవాళ్లు నాట్లేసేటప్పుడు కట్టినట్టు, మోకాళ్ల పైకి గోచీ పోసి కట్టుకుని వెళ్లాను. మావ ఏమీ అనకముందే నేనే అన్నాను. "ఊరంతా ఇలగే కట్టుకుని మళ్లల్లో దిగుతారు. రాయి దగ్గరేటి సిగ్గు?"

మావ పగలబడి నవ్వాడు. ఆ నవ్వుతోనే పాఠం మొదలైంది.

ఆయన నేర్పిన మొదటి పాఠాన్నే నేను చివరి వరకూ నేర్పాను. కొత్తవాళ్లు చేతుల వంక చూస్తారు, చేతులతో వేలాడతారు, చేతులు అలిసిపోయి పడిపోతారు. "సేతులు ఆసరాకే. నీ బరువంతా మోసేది కాళ్లు. కాళ్లకేసి సూడు" అనేవాడు మావ. అప్పటినుంచీ మంచి బూట్లు వేసుకొచ్చిన పిల్లాడి కంటే, తన పాదం ఎక్కడ పెట్టాడో చూసుకునే పిల్లాడి మీదే నాకు నమ్మకం.

మా సామాను

మావకు విద్య ఉంది, సామాను లేదు. "తాడూ మేకులూ సర్కారువి, అక్కడే ఒగ్గేసి వచ్చినాను" అనేవాడు. కొనుక్కుందామంటే దేశంలో ఎక్కడ దొరుకుతాయో మాకు తెలియదు. అన్నీ మేమే చేసుకోవలసి వచ్చింది.

మా అక్క భర్త పైడిరాజు బావ రైల్వేలో ఫిట్టరు. అతని చేతికి ఇనుము ఇస్తే అది ఇంకో వస్తువై తిరిగొచ్చేది. పాత లారీ కమాను పట్టీలు కొలిమిలో కాల్చి, సాగగొట్టి, రాతి చీలికల్లో దిగగొట్టే మేకులు చేశాడు. మేకు కొడితే రాయి పెళ్లలూడే చోట ఏం చెయ్యాలో మాకు తోచలేదు. బావ ఒకరోజు పనికిరాని పెద్ద పెద్ద నట్లు సంచీలో తెచ్చాడు.

"ఇవేటి బావా?"

"బీటలో వెడల్పుగా ఉన్నచోట పెట్టి, సన్నగా ఉన్న వైపుకి కిందకు లాగు. ఇరుక్కుంతాది. ఎంత లాగితే అంత గట్టిగా ఇరుక్కుంతాది. సూడు మరి."

నిజంగానే ఇరుక్కుంది. ముగ్గురం కలిసి వేలాడినా కదల్లేదు. నట్టు లోపలి మర తాడును కోసేస్తుందని బావ ఆకురాయితో అరగదీసి నున్నగా చేశాడు. అందులోంచి నవారు ముక్క దూర్చి ముడి వేశాం. ప్రపంచంలో ఇంకెక్కడో కూడా అప్పట్లో నట్లతో ఇలాగే ఎక్కేవారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. బావకు చెబితే, "అయితే ఆళ్లకీ నాలాటి బావ ఉన్నాడన్నమాట" అన్నాడు.

నవారంటే మంచాలకు అల్లే నవారే. మా అమ్మ మంచం ఒకటి విప్పేసి నడుముకూ తొడలకూ పట్టీలు కుట్టాం. పడవల దగ్గర వాడే, గుర్రపు నాడాలా వంగిన ఇనప షాకిళ్లు తెచ్చి, తాడును నట్టుకు కలపడానికి వాడాం. షాకిలుకు మరబిగించే పిన్ను ఉంటుంది. దాన్ని ఒంటిచేత్తో విప్పి, తాడు దూర్చి, మళ్లీ బిగించాలి. పిన్ను చేజారితే అంతే సంగతులు. అందుకని బావ ప్రతి పిన్నునూ దాని షాకిలుకే దారంతో కట్టేశాడు. కేన్వాసు బూట్ల అడుగున లారీ ట్యూబు రబ్బరు అతికించి కుట్టించాం. అరచేతుల చెమటకు ముగ్గుపిండి. నెత్తికి గనుల్లో వాడి పారేసిన టోపీలు, లోపల కొబ్బరి పీచు.

ఇక తాడు. మొదట కొబ్బరి తాడు తెచ్చాం. ఒక గోనెసంచీ నిండా ఇసుక పోసి, తాడుకు కట్టి, చింతకొమ్మ మీంచి జారవిడిచాం. తాడు పటుక్కున తెగింది. ఆ సంచీ నేనై ఉంటే అని ముగ్గురం అనుకున్నాం. కళింగపట్నం వెళ్లి, ఓడలకు సరుకు చేరవేసిన పాత పడవల మోకు ఒకటి సంపాదించాం. అది సంచీని ఆపింది. కానీ వానలో తడిస్తే బిగుసుకుపోయి ముడి విప్పనిచ్చేది కాదు. రాతి అంచు మీద ఒరుసుకుంటే పీచు లేచేది.

అప్పుడే సముద్రం మీదకు నైలాను తాళ్లు కొత్తగా వస్తున్నాయి. భావనపాడులో పోలమ్మ అనే చేపల వర్తకురాలి దగ్గర పెద్ద చుట్ట ఒకటి చూశాం. లంగరుకు కట్టే తాడు, నా బొటనవేలంత లావు. మావకు దాని మీద గురి కుదరలేదు. "ఇదేటి, మెరుస్తన్నాది! తాడులాగే లేదు" అన్నాడు.

"వలకా, పడవకా?" అని అడిగింది పోలమ్మ.

"మనుసులు కొండ మీంచి పడిపోకుండా కట్టుకోడానికి" అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందకు చూసింది. "సేప అయితే గింజుకుంతాది. మనిసి గింజుకోడు గదా. ఆగుతాది, అట్టుకుపో."

చింతకొమ్మ మీంచి సంచీని జారవిడిస్తే నైలాను తాడు సాగింది. సాగి, సంచీని మెల్లగా పైకి తీసుకుని, ఊపి, ఆపింది. మావ చాలాసేపు ఆ సంచీ ఊగడం చూస్తూ నిలబడ్డాడు. పట్టాళంలో అంత కాలం మోకు తాళ్లతో బతికిన మనిషి, ఒక్క పరీక్షతో మనసు మార్చుకున్నాడు. "ఇదే మన తాడు" అన్నాడు. పెద్ద గురువులంటే నాకు ఇప్పటికీ అదే గుర్తు. కళ్లముందు కనబడ్డదాన్ని ఒప్పుకోవడానికి ఆయన వయసు అడ్డు రాలేదు.

ఆ తాడూ, ఇనప మేకులూ పట్టుకుని బస్సులో వస్తుంటే టెక్కలి దగ్గర ఒక కానిస్టేబులు ఆపాడు. ఏజెన్సీ కొండల్లో నక్సలైట్ల గొడవల రోజులవి. కొండ అన్న మాట వింటేనే పోలీసులకు అనుమానం.

"ఏటమ్మా ఇవన్నీ?"

"కొండెక్కడానికి."

"ఎక్కి?"

"దిగుతాం."

ఆయన మేకు చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. మావ తన పట్టాళం కాగితం చూపిస్తే వదిలేశాడు గానీ, బస్సు కదిలేదాకా కిటికీలోంచి మమ్మల్నే చూశాడు.

హెడ్మిస్ట్రెస్ గారు

నా పై అధికారుల్లో నేను అందరికంటే ఎక్కువ తగాదా పడ్డది మా హెడ్మిస్ట్రెస్ కమలాదేవి గారితో. తర్వాత నేను అందరికంటే ఎక్కువ గౌరవించిందీ ఆవిడనే.

గెద్దరాయి గోడకు కుడి పక్కన ఒక పొడవాటి బీట ఉంది. దాని గుండా మేం సగం దాకా వెళ్లాం. ఆ పైన బీట మరీ సన్నబడింది. మావ వేళ్లు, బావ వేళ్లు అందులో దూరవు. నా వేళ్లే దూరతాయి. అలా ముందు ఎక్కడం నా వంతయింది. ఆ సంగతి ఊళ్లో పాకి స్కూలుకు చేరింది. కమలాదేవి గారు పిలిచి, కూర్చోమనకుండానే అడిగారు.

"మీరు పడి చనిపోతే మీ అమ్మకు నేనేం చెప్పాలి?"

"పడితే ఆపడానికే గదండీ తాడు."

"అది తెగితే?"

తెగదని నేననలేదు. అలా అనకూడదని మావ నేర్పాడు. ప్రతిసారీ పరీక్షించే కట్టుకుంటామని చెప్పాను. ఆవిడకు అది సరిపోలేదు. స్కూల్లో పనిచేస్తున్నంత కాలం కొండెక్కకూడదని కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నారు. కాదంటే ఉద్యోగం వదులుకోవాలి. మా నాన్న పోయాక ఇల్లు నడిచేది నా జీతం మీదే. సంతకం పెట్టి ఇంటికొచ్చి, బూట్లు అటకమీద పెట్టేశాను.  బావ ఇంకో నాలుగు నట్లు అరగదీసి సంచీలో వేశాడు.

"ఎందుకు బావా?" అంటే, "ఉంటాయిలే" అన్నాడు.

క్వారీ

గెద్దరాయి తూర్పు వైపు ఒక రాతి క్వారీ ఉండేది. వానాకాలంలో ఒక ఉదయం, నేను పిల్లలచేత డ్రిల్లు చేయిస్తుండగా, ఒకాయన సైకిలు గేటు దగ్గర పడేసి పరుగెత్తుకొచ్చాడు.

"కొండెక్కే టీచరమ్మంటే మీరేనేటి?"

క్వారీలో పెద్ద పెళ్ల జారిపోయిందట. పనివాళ్లు పైకెళ్లే దారి దాంతోపాటే పోయింది. ఇద్దరు మనుషులు గోడ మధ్యలో ఒక గట్టు మీద చిక్కుకున్నారు. ఒకడి కాలు విరిగింది. పైన వదులు రాళ్లు తడిసి ఉన్నాయి. పైనుంచి ఎవరైనా కదిలితే అవి వాళ్ల నెత్తినే పడతాయి. కిందనుంచి నిచ్చెనలు అందడం లేదు.

"బేగి రండమ్మా. ఆ పెద్దాయన రగతం కారిపోతన్నాది."

కమలాదేవి గారు వరండాలోకి వచ్చారు. నా చేత సంతకం పెట్టించుకున్న కాగితం ఆవిడ బీరువాలో ఉంది. అది ఇద్దరికీ తెలుసు.

"ఎక్కగలరా?" అని అడిగారు.

"చూస్తే గానీ తెలీదండి."

ఆవిడ వరండా మెట్లు దిగారు. "పదండి. నేనూ వస్తాను."

జట్కాలో మా ఇంటికి వెళ్లి సామాను తీసుకున్నాం. తాడును తొక్కకూడదని, దాని మీద కూర్చోకూడదని నేను చెబితే, ఆ పెద్ద చుట్టను ఆవిడ తన ఒళ్లో పెట్టుకున్నారు. బావ ఆ రోజు సెలవులో ఇంట్లోనే ఉన్నాడు, వెంట వచ్చాడు. మావను చోడిచేలోంచి అలాగే లాక్కొచ్చాం.

గోడ కింద ఊరంతా ఉంది. గట్టు రెండు తాటిచెట్ల ఎత్తున ఉంది. దాని మీద ఇద్దరు మనుషులు కనబడుతున్నారు. దాలినాయుడు మావ జనాన్ని దూరంగా జరిపి, గోడను చాలాసేపు చూశాడు. ఎడమ వైపు పెళ్ల ఊడిన చోట ఒక కొత్త బీట తెరుచుకుని ఉంది. సన్నది. నా వేళ్లు పట్టేది.

"మన తాడు పైకి పోయి, మళ్లీ కిందకి రావడానికి సరిపోతాది" అన్నాడు మావ. "సత్తెమ్మా, ఎక్కనని సెప్పినా నిన్నెవులూ ఏటీ అనరు."

"ఎక్కుతాను మావా."

తాడు నా నడుముకు కట్టి, దాని రెండో వైపు తన నడుం చుట్టూ తిప్పుకుని, మావ ఒక గుండుకు కాళ్లు తన్నిపట్టి కూర్చున్నాడు. నేను ఎక్కే కొద్దీ ఆయన తాడు వదులుతాడు. నేను పడితే ఆయన నడుమూ, ఆయన చేతులూ ఆపాలి.

నిజం చెప్పాలంటే మొదటి సగం బాగానే సాగింది. కొంచెం ఎక్కడం, బీటలో నట్టు ఇరికించడం, షాకిలు పిన్ను విప్పడం, తాడు దూర్చడం, బిగించడం. ఆ పని చేస్తుంటే భయానికి తీరిక ఉండదు. మూడో నట్టు దాటాక కొంచెం పైన ఒక పెద్ద రాతి ముక్క చేతికి అందింది. లాగి చూశాను, గట్టిగానే ఉంది. బరువు వేశాను. వేళ్ల కింద అది పెరుగు గడ్డలా విరిగింది.

పడటం ఎలా ఉంటుందని పిల్లలు అడుగుతారు. నాకు గుర్తున్నదల్లా జనం కేక. ఆ కేక ఇంకా నా చెవుల్లో ఉండగానే నవారు పట్టీ తొడలకు కోసుకుంది, తాడు సాగింది, నేను గోడకు గుద్దుకుని వేలాడుతున్నాను. మోచెయ్యి గీసుకుపోయింది. పైకి చూస్తే ఆ నట్టు బీటలో మునుపటికంటే లోతుకు దిగి ఉంది.

"సత్తెమ్మా! ఉన్నావేటి?"

"ఉన్నాను మావా!"

"ఎముకలు?"

"బాగానే ఉన్నాయి!"

"అయితే ఊపిరి తీసుకుని ఎక్కు!"

నాకు ఆ మాటే కావలసి వచ్చింది. ఆయన "అయ్యో" అని ఉంటే నేను దిగిపోయేదాన్ని. శిక్షకులు కాబోయేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. తాడు చివర వేలాడుతున్న మనిషికి మీ కంగారు వినబడకూడదు.

గట్టు మీద

గట్టు ఒక మంచమంత వెడల్పు ఉంది. కాలు విరిగినాయన పేరు అసిరయ్య. పెద్దవాడు. రెండోవాడు ఆయన అల్లుడు గౌరునాయుడు, పాతికేళ్లలోపు మనిషి. దెబ్బల్లేవు గానీ ఒళ్లంతా వణుకుతున్నాడు. నేను గట్టు మీదకు రాగానే నా నడుముకున్న తాడు రెండు చేతులా పట్టేసుకున్నాడు.

"నన్ను ముందు దించెయ్యండమ్మా! నన్ను ముందు దించెయ్యండి!"

అతను లాగితే ముగ్గురం పోతాం. భయపడకు అని చెప్పాను. వినలేదు. ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడు నేను గొంతు పెంచకుండా, "గౌరునాయుడూ, నాకు సాయం కావాల. ఆ సుత్తి ఇలా ఇయ్యి. నేను మేకు కొడతాను, నువ్వు ఈ కొస పట్టుకో, ఒగ్గకు" అన్నాను. అతను తాడు వదిలి, సుత్తి అందించాడు. చేతికి పని దొరికాక వణుకు తగ్గింది. తర్వాత ఎన్ని ప్రమాదాల్లో ఎంతమందిని చూసినా ఇది మారలేదు. భయపడ్డవాడికి పని చెప్పండి. చిన్నదైనా నిజమైన పని.

రెండు మేకులు కొట్టి, రెండు నట్లు ఇరికించి, అన్నిటినీ నవారుతో కలిపి ఒకే చోటుకు తెచ్చి, అక్కడ షాకిలు బిగించాను. తాడు అందులోంచి వెళుతుంది. కింద మావా బావా ఇద్దరూ పట్టుకుని మెల్లగా వదులుతారు. తర్వాత అసిరయ్య కాలు చూశాను. ట్రైనింగు కాలేజీలో నేర్పినట్టు సుత్తి కర్ర ఊడదీసి, వాళ్ల తువ్వాళ్లతో కాలికి బిగించి కట్టాను. ఆయన పళ్లు బిగబట్టాడు గానీ కిక్కురుమనలేదు. నవారు పట్టీ నడుముకు చుట్టబోతే మాత్రం నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆడకూతురువి. నువ్వు నన్ను దించడమేటమ్మా?"

"నేను దించను బాబూ. దించేది కిందనున్న మగోళ్లే. నేను కట్టతన్నాను, అంతే."

ఆయన కొంచెం ఆలోచించాడు. "కడితే కట్టు. ముడి గట్టిగా వెయ్యి."

ఆయన్ని అంచు దాటించేటప్పుడు తాడు రాతి మీద ఒరుసుకోవడం చూశాను. పైనుంచి ఆపమని అరిచాను. గౌరునాయుడు తన చొక్కా విప్పి మడతపెట్టి, నేను చెప్పకముందే తాడు కింద దూర్చాడు. మామూలు మనిషయ్యాడు. కింద జనం అసిరయ్యను అందుకున్నప్పుడు లేచిన సందడి విని మామీద ఉన్న బరువు సగం దిగింది. ఆ తర్వాత తాడు కొస మళ్లీ పైకి లాక్కుని గౌరునాయుడు, ఆఖరున నేను దిగాం. దిగేటప్పుడు మధ్యలో ఆగి, నన్ను ఆపిన ఆ నట్టును తీద్దామని చూశాను. రాలేదు. కర్ర లేని సుత్తి తలతో ఎంత కొట్టినా రాలేదు. అక్కడే వదిలేశాను.

కిందకొచ్చాక చూస్తే మావ నడుం చుట్టూ తాడు ఒరుసుకుని చొక్కా చిరిగి, చర్మం లేచిపోయి ఉంది. అరచేతులు కమిలిపోయాయి. నేను పడ్డప్పుడు అయింది. అప్పటినుంచి అదే చేతులతో ఇద్దరు మగవాళ్లను దించాడు. నేను ఏడవడం మొదలుపెట్టాను. "ఒలే, మడిసి పడితే ఇంతే అవుతాది, నువ్వెందుకు ఏడవడం?" అన్నాడు మావ.

అందుకే నా పేరు మీద ఉన్న కథలన్నీ తప్పుడు కథలంటాను. వాటిలో మావ లేడు, బావ లేడు. నేను ఒక్కదాన్నే ఎక్కిన కొండ నా జీవితంలో ఒక్కటీ లేదు.

ఆ తర్వాత

అసిరయ్య కాలు కొంచెం పొట్టిదైంది గానీ అతుక్కుంది. మళ్లీ నడిచాడు. తర్వాత ఏ పెళ్లిలో కనిపించినా, "నన్ను కట్టినమ్మ" అని చుట్టాలకు చూపించేవాడు.

మర్నాడు కమలాదేవి గారు నన్ను పిలిచారు. ఈసారి కూర్చోమన్నారు. పాత కాగితం బల్ల మీద ఉంది. దాన్ని చింపుతారనుకున్నాను. చింపలేదు.

"ఇది తప్పని నేననుకోవడం లేదు. ఏమీ చూడకుండా ఒప్పుకుని ఉంటే అది తప్పయ్యేది" అన్నారు. "నిన్న చూశాను. ఆ ముడులు నాకు నేర్పండి. ప్రతి ముడీ. నాకు అర్థమయ్యాక ఇంకో కాగితం రాస్తాను."

వారం రోజులు సాయంత్రాలు ఆవిడ తన గదిలో కుర్చీ కాలికి తాడు కట్టి ముడులు నేర్చుకున్నారు. నట్టు ఎందుకు జారదు, తాడు ఎందుకు సాగాలి, ఒక మేకు ఊడితే ఏమవుతుంది, అన్నీ అడిగారు. కొన్నిటికి నా దగ్గర జవాబు లేక మావను అడిగి చెప్పాను. ఆ తర్వాత రాసిన కాగితంలో పై తరగతుల పిల్లలకు ఆదివారాలు రాళ్లెక్కడం నేర్పమని ఉంది. తల్లిదండ్రుల ఒప్పుదల ఉంటేనే, తాడు లేకుండా ఒక్క అడుగు కూడా వెయ్యకుండా.

మీకు ఇలాంటి పై అధికారి దొరికితే అదృష్టం. వెంటనే సరే అనే వాళ్లను నేను తర్వాత చాలామందిని చూశాను. ప్రమాదం జరిగిన రోజు వాళ్లు ఎక్కడా కనబడరు. "పడితే ఏమవుతుంది?" అని విసిగించేవాళ్లే ఆ రోజు మీ పక్కన నిలబడతారు.

మొదటి ఆదివారం వచ్చిన పిల్లలు కొద్దిమందే. వాళ్లలో నూకాలు అనే పిల్ల గోడ మీద కాళ్లు చూసుకుంటూ ఎక్కే పద్ధతి చూసి, ఈ పిల్ల నాకంటే బాగా ఎక్కుతుందని ఆ రోజే అనుకున్నాను. తర్వాత అదే నిజమైంది. ఆ పిల్ల సగం ఎత్తులో ఉండగా చేల గట్ల మీంచి వాళ్లమ్మ తవిటమ్మ వస్తూ కనిపించింది. చేతిలో కలుపు తీసే దోకి ఉంది. ఒప్పుదల ఇచ్చింది వాళ్ల నాన్నట, ఆమెకు చెప్పనే లేదట.

"ఎవులే నా గుంటని రాయెక్కించింది? ఒలే నూకాలూ! దిగే! దిగుతావా నాను రానా?"

మావ తాడు పట్టుకుని ఉన్నాడు. తల తిప్పకుండా, "అరవకమ్మా. అరిస్తే గుంట అదురుతాది. ఇలగొచ్చి కూకో" అన్నాడు. తవిటమ్మ కూర్చోలేదు, కానీ అరవడం ఆపింది. దోకి గుండెలకు హత్తుకుని పైకే చూస్తూ నిలబడింది. నూకాలు కాలు ఒకసారి జారింది, తాడు పట్టింది. తవిటమ్మ నోట్లోంచి చిన్న శబ్దం వచ్చింది. నూకాలు మళ్లీ ఎక్కింది, పైకి చేరింది, అంచు మీద కూర్చుని కిందకు చేతులూపింది.

"అమా! ఇక్కడనుంచి మనిల్లు కనపడతన్నాదే!"

 తవిటమ్మ దోకి పక్కన పెట్టి, చీర కొంగు నడుంలో దోపుకుని, నా దగ్గరకొచ్చింది.

"ఆ పట్టీ నాకు సరిపోతాదేటి?"

సరిపోయింది. ఆమెను సులువు దారినే తీసుకెళ్లాను. అయినా రెండుచోట్ల నన్నూ, రాయినీ, తన మొగుడినీ కలిపి తిట్టింది. నాట్లలో పండిన కాళ్లు. ఎక్కడ పెడితే అక్కడ నిలిచాయి. పైకి చేరాక కూతురి పక్కన కూర్చుని, ఊపిరి అందాక, కిందనున్న మళ్ల వంక చూసింది. ఆకుపచ్చ గళ్లు, వాటి మధ్య గట్లు. తన మడి వెతుక్కుని వేలితో చూపించింది.

"ఓలమ్మో, మన మడి ఇంతేనేటే?" అంది. "ఆ మూలనుంచి ఈ మూలకి పోతే నా నడుం ఇరిగిపోతాది. ఇక్కడనుంచి సూస్తే సేటలో పట్టేలాగున్నాది!"

నవ్వడం మొదలుపెట్టింది. నూకాలు కూడా నవ్వింది. గాలికి ఇద్దరి జుట్టూ ఎగురుతోంది. వాన మబ్బు వస్తోందని, ఇక దిగుదామని నేను తాడు సరిచేయబోయాను.

తవిటమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండమ్మా. ఎప్పుడూ మడిలోకి దిగడమే గదా. కూసింతసేపు సూడనియ్యి."